విశాఖలో అద్దాల గది: గోడలకు గాజు సరే, కప్పుకు వద్దు

ప్రశ్న: సముద్రానికి దగ్గరలోని సాగర్‌నగర్‌లో మాకు ఇరవై ఏళ్ల కిందట కట్టుకున్న సొంత ఇల్లు ఉంది. పోర్టికో పైన, మొదటి అంతస్తు హాలును ఆనుకుని, 14 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు ఉన్న బాల్కనీ ఖాళీగా పడి ఉంది. పడమర వైపు హాలు గోడ, మిగిలిన మూడు వైపులా పిట్టగోడే. నిరుటి శీతకాలం న్యూజెర్సీలో మా అబ్బాయి ఇంట్లో గడిపాము. బయట మంచు పడుతున్నా వాళ్ల సన్‌రూమ్‌లో వెచ్చగా కూర్చోవడం నాకు ఎంతో నచ్చింది. అలాంటి గదినే ఇక్కడ ఏడాది పొడవునా వాడుకునేలా కట్టించుకోవాలని ఉంది. ఒక ఫ్యాబ్రికేటర్ వచ్చి చూసి, ఎమ్మెస్ (మైల్డ్ స్టీల్, అంటే మామూలు ఉక్కు) పైపుల చట్రం, పైన పాలీకార్బొనేట్ షీటు, చుట్టూ 5 మిల్లీమీటర్ల గాజుతో స్లైడింగ్ కిటికీలు వేసి, ఒకటిన్నర టన్నుల ఏసీ పెడితే సరిపోతుందన్నాడు. మావారు మాత్రం ఆ గది వడియాలు ఎండబెట్టుకోవడానికి తప్ప పనికిరాదంటున్నారు. ఎవరి మాట వినమంటారు? అందులో మొక్కలు కూడా పెంచుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: అమ్మా, ఫ్యాబ్రికేటర్ చెప్పిన పద్ధతిలోనే కట్టేటట్లయితే మీవారి మాటే నిజమవుతుంది. అయితే ఆ చోట, ఆ దిక్కున, ఏడాదిలో ఎక్కువ రోజులు హాయిగా కూర్చోగల గది రావడానికి అవకాశం బాగానే ఉంది కనుక, ఆలోచనను మానుకోమని నేను చెప్పను. మార్చుకోవలసింది నమూనాను.

మీరు న్యూజెర్సీలో చూసిన గది ఎండను పట్టి దాచుకోవడానికి కట్టినది. ఆ ప్రాంతం దాదాపు 40 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరులో అక్కడ మధ్యాహ్నపు సూర్యుడు కూడా దిక్చక్రం నుంచి 27 డిగ్రీల ఎత్తు దగ్గరే ఉంటాడు కాబట్టి, ఏటవాలుగా వచ్చే ఆ బలహీనమైన ఎండ ఎంత లోపలికి వస్తే అంత మేలని కప్పుతో సహా గాజు పెట్టుకుంటారు. అక్కడ ఏడాది పొడవునా వాడే గదికీ, శీతకాలంలో మూసివేసే గదికీ తేడా అంతా చలిని ఆపడంలోనే ఉంటుంది: రెండు పొరల గాజు, వేడిని బయటికి పోనివ్వని చట్రం, లోపల హీటరు. విశాఖ 17.7 డిగ్రీల దగ్గర ఉంది. మనకు మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదట్లో మరోసారి సూర్యుడు మధ్యాహ్నం సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. ఆ రెండింటికీ నడుమ కాస్త ఉత్తరానికి జరిగి ఉంటాడు. డిసెంబరులో కూడా మధ్యాహ్నం 49 డిగ్రీల ఎత్తున ఉంటాడు. అంటే మన ఊళ్లో ఇంటికి అన్నిటికన్నా ఎక్కువ ఎండ తగిలే భాగం కప్పు. మీ ఫ్యాబ్రికేటర్ వెలుతురు దూరే షీటు వేస్తానన్నది సరిగ్గా అక్కడే.

ఆ షీటు వల్ల ఏమవుతుందో లెక్క వేసి చూద్దాం. మీ బాల్కనీ విస్తీర్ణం 140 చదరపు అడుగులు, అంటే 13 చదరపు మీటర్లు. మబ్బు లేని ఏప్రిల్ మధ్యాహ్నం చదరపు మీటరు మీద సుమారు 900 వాట్ల ఎండ పడుతుంది. రంగు లేని గాజు గానీ షీటు గానీ అందులో నూటికి 80 వంతుల దాకా లోపలికి వదులుతుంది. ఆ లెక్కన కప్పు నుంచి మాత్రమే 9 కిలోవాట్లకు పైగా వేడి గదిలోకి దిగుతుంది. ఒక టన్ను ఏసీ తీయగలిగే వేడి మూడున్నర కిలోవాట్లు. కనుక కప్పు తెచ్చిన వేడిని తోడిపోయడానికే రెండున్నర టన్నులకు మించిన ఏసీ కావాలి. కిటికీల ఎండ, గోడల వేడి, లోపల కూర్చున్న మనుషులు, బయటి ఉక్క ఇంకా లెక్కలోకి రానే లేదు. గోధుమరంగు షీటు వేస్తే ఈ వేడి కొంత తగ్గుతుంది గానీ, ఆ షీటే కాగిపోయి నెత్తి మీద సెగ కక్కుతూ ఉంటుంది. అద్దాలన్నీ ఎక్కించి ఎండలో నిలిపిన కారులోకి ఎక్కినప్పుడు ఎలా ఉంటుందో ఈ గదిలో అలాగే ఉంటుంది.

కాబట్టి నా సలహాలో మొదటి మాట, కప్పు పూర్తిగా మూసినదై ఉండాలి. పోర్టికో స్తంభాలు, పునాది భరిస్తాయని స్ట్రక్చరల్ ఇంజినీరు చూసి చెబితే నాలుగంగుళాల స్లాబు వేయించుకోవడం మంచిది. దాని పైన వాటం సరిచూసి, వాటర్‌ప్రూఫింగు చేయించి, తెల్లని పెంకులు పరిపించండి, లేదా ఎండను తిప్పికొట్టే తెల్ల రంగు వేయించండి. ఆ స్లాబు ఒక్కటే మూడు టన్నులకు పైగా బరువుంటుంది కనుక ఇంజినీరును అడగకుండా మేస్త్రీ మాట మీద మొదలుపెట్టవద్దు. ఇంజినీరు ఒప్పుకోకపోతే రెండు రేకుల నడుమ ఫోమ్ నింపిన పఫ్ ప్యానెళ్లు వాడవచ్చు. అవి వేడిని బాగానే ఆపుతాయి, బరువు కూడా తక్కువ, కానీ ఆ తక్కువ బరువే తుపానులో చిక్కు తెచ్చిపెడుతుంది. దాని సంగతి తర్వాత చెబుతాను. ఆకాశం కనబడాలనే కోరిక మరీ బలంగా ఉంటే హాలు గోడ పక్కన రెండడుగుల వెడల్పు పట్టీ మేరకు లామినేటెడ్ గాజు (రెండు పలకల నడుమ ప్లాస్టిక్ పొర అతికించినది) పెట్టించుకోండి, అంతకు మించవద్దు. మామూలు టఫెన్డ్ (వేడితో గట్టిపరచిన) గాజును నెత్తి మీద ఎన్నడూ పెట్టించకండి. అది పగిలితే నిలబడదు, గులకరాళ్లలా ఒక్కసారిగా కిందికి రాలుతుంది.

దిక్కుల విషయంలో మీకు అదృష్టం కలిసి వచ్చింది. సాయంత్రపు ఎండ కొట్టే పడమర హాలు గోడ చాటున ఉండిపోయింది. దక్షిణం వైపు కప్పును రెండడుగులు బయటికి పొడిగిస్తే, మార్చి, సెప్టెంబరు మూడో వారాల్లో మధ్యాహ్నం ఆ చూరు నీడ ఆరడుగులకు పైగా కిందికి దిగి గాజును దాదాపు పూర్తిగా కప్పేస్తుంది. డిసెంబరులో ఆ నీడ రెండడుగుల పైచిలుకే ఉంటుంది కనుక, మీరు కోరుకున్న శీతకాలపు ఎండ అప్పుడు నేల దాకా వస్తుంది. తూర్పు మాత్రం చూరుకు లొంగదు. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం పూట సూర్యుడు కిందనే ఉండి సూటిగా లోపలికి కొడతాడు. దానికి తెర గాజుకు బయట ఉండాలి. లోపల కట్టిన కర్టెను ఎంత మందమైనదైనా, ఎండ అప్పటికే గాజు దాటి వచ్చేసింది కాబట్టి ఆ వేడి గదిలోనే మిగిలిపోతుంది. పాత ఇళ్ల వరండాలకు వేలాడదీసే చుట్ట చుట్టుకునే వెదురు తెరలు ఇప్పటికీ చవకైన, పనికొచ్చే ఉపాయమే. సన్నటి రంధ్రాలున్న బయటి రోలర్ తెరలు ఇంకొంచెం ఖరీదు, ఇంకొంచెం మన్నిక. ఏదైనా గాలి పెరిగినప్పుడు వెంటనే చుట్టి కట్టేయడానికి వీలుగా ఉండాలి. వట్టివేళ్ల తడికలు తడిపి కట్టుకోమని ఎవరైనా చెబితే వినకండి. పొడి గాలి వీచే ఊళ్లలో అవి చల్లదనమిస్తాయి. సముద్రపు తేమ నిండిన మన గాలికి ఇంకాస్త ఉక్క కలుపుతాయి.

ఉత్తరం వైపు గాజును ఉదారంగా పెట్టుకోవచ్చు. మే నుంచి జులై దాకా పొద్దున కాసేపు ఏటవాలు ఎండ తగిలినా, ఏడాదిలో ఎక్కువ కాలం అటునుంచి వచ్చేది నీడ వెలుతురే. చదువుకోవడానికి కుర్చీ అటువైపు వేసుకోండి.

ఇక గాలి. విశాఖలో ఏడాది పొడవునా వాడుకునే గది అంటే ఏసీ నడిస్తే తప్ప కూర్చోలేని గది కాకూడదని నా అభిప్రాయం. స్లైడింగ్ కిటికీ ఎంత పెద్దదైనా సగమే తెరుచుకుంటుంది, తక్కిన సగం ఎప్పుడూ మూతే. తలుపులా తెరుచుకునే కేస్‌మెంట్ కిటికీ పూర్తిగా తెరుచుకుంటుంది. మూసినప్పుడు రబ్బరు గాస్కెట్‌కు అదిమిపట్టి ఉంటుంది కనుక జడివానలో నీరు కూడా తక్కువగా దూరుతుంది. స్లైడింగ్ ట్రాకులో వాన నీరు నిలిచి, బయటికి పోయే రంధ్రాలు దుమ్ముతో పూడుకుపోయి, చివరికి ఆ నీరంతా గదిలోకి పొర్లడం ఈ ఊళ్లో ఎన్నో బాల్కనీల్లో కనిపిస్తుంది. మూడు వైపులా కనీసం రెండేసి రెక్కలు పూర్తిగా తెరుచుకునేలా, హాలు తలుపు కూడా వాటికి ఎదురుగా వచ్చేలా చూసుకుంటే, మధ్యాహ్నం లేచే సముద్రపు గాలి హాలులోంచి వెనక గదుల దాకా పోతుంది. పైన ఫ్యాను మరచిపోకండి. ప్రతి రెక్కకూ లోపలి వైపు దోమతెర కూడా ముందే కొలతల్లో చేర్చాలి, తరువాత అతికించినవి నిలవవు.

అన్నిటికన్నా తీరిగ్గా ఆలోచించవలసింది తుపాను గురించి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటిన రోజు మన విమానాశ్రయం టెర్మినల్ కప్పు, అద్దాలు ఎలా దెబ్బతిన్నాయో మీరు మరచిపోయి ఉండరు. గాలి భారాలకు సంబంధించిన భారతీయ ప్రమాణం, ఐఎస్ 875 మూడో భాగం, విశాఖపట్నానికి సెకనుకు 50 మీటర్ల గాలి వేగాన్ని ప్రాతిపదికగా తీసుకోమంటుంది. అది గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగానికి చదరపు మీటరు మీద పడే ఒత్తిడి దాదాపు 150 కిలోలు. మీ తూర్పు వైపు గాజు 14 అడుగుల పొడవు, 7 అడుగుల ఎత్తు అనుకుంటే, ఆ ఒక్క ముఖం మీదే సుమారు 1,350 కిలోల తోపుడు ఉంటుంది. 5 మిల్లీమీటర్ల మామూలు గాజు పెద్ద పెద్ద పలకలుగా దానిని తట్టుకోలేదు. ఒక పలక పగిలిన తర్వాత జరిగేది మరీ ప్రమాదకరం: గాలి లోపలికి చొరబడి కప్పును కిందినుంచి పైకి తోస్తుంది, అదే సమయంలో పైనుంచి వీచే గాలి దానిని పీలుస్తుంది. నూట యాభై కిలోల పఫ్ ప్యానెల్ కప్పును టన్నులకొద్దీ బలం అలా పైకి లాగుతుంది. అందుకే ప్యానెళ్లే వేయవలసి వస్తే, ఎన్ని బోల్టులు, ఎంత లోతున, ఏ కాంక్రీటులోకి దిగాలో ఇంజినీరు డ్రాయింగులో రాసి ఇవ్వాలి. పిట్టగోడ ఇటుకలో దిగిన బోల్టు లెక్కలోకి రాదు. స్తంభంలోకో బీములోకో దిగాలి.

గాజు బరువు గురించి చాలామంది అనవసరంగా భయపడతారు. మిల్లీమీటరు మందానికి చదరపు మీటరుకు రెండున్నర కిలోల చొప్పున, మొత్తం 12 మిల్లీమీటర్ల గాజును మీ మూడు వైపులా పెట్టినా 660 కిలోల చిల్లరే వస్తుంది. అదే కొలతలకు నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ కడితే అయిదు టన్నుల దాకా అవుతుంది. ఇక్కడ గాజును బరువు కోణంలో కాక, గాలి తోపుడు కోణంలోనూ, పగిలినప్పుడు ఏమవుతుందన్న కోణంలోనూ ఎంచుకోవాలి. నేనైతే చుట్టూ లామినేటెడ్ గాజే పెట్టమంటాను. రెండు గాజు పలకల నడుమ పీవీబీ అనే ప్లాస్టిక్ పొర ఉండడం వల్ల, ఎగిరి వచ్చిన రేకు ముక్కో ట్యాంకు మూతో తగిలి పగిలినా గాజు చట్రంలోనే అతుక్కుని ఉండి గాలిని లోపలికి రానివ్వదు. మందం ఎంతో పలక కొలతను బట్టి లెక్క కట్టాలి. పలకలను మూడడుగుల వెడల్పుకు మించకుండా విభజిస్తే గాజు ఖర్చూ తగ్గుతుంది, తుపాను తర్వాత ఒకటి మార్చుకోవడమూ తేలిక. ఎండను కొంత వెనక్కి తిప్పే సోలార్ కంట్రోల్ పూత ఉన్న రకం తూర్పు, దక్షిణ ముఖాలకు తీసుకోండి. నడుమ ఖాళీ ఉన్న రెండు పొరల గాజును ఫ్యాబ్రికేటర్లు గొప్పగా చూపిస్తారు. రోజంతా ఏసీ నడిచే గదికి దాని ప్రయోజనం నిజమే గానీ, కిటికీలు ఎక్కువ సేపు తెరిచి ఉండే మీ గదికి ఆ డబ్బు వృథా. పైగా అంచుల సీలు దెబ్బతింటే తేమ లోపల చేరి, తుడవడానికి వీలులేని మసక శాశ్వతంగా మిగులుతుంది. టఫెన్డ్ పలకలు ఎంచుకుంటే ఇంకో జాగ్రత్త ఉంది: వాటిని గట్టిపరచిన తర్వాత కోయడం కుదరదు, కనుక చట్రం బిగించి కొలతలు సరిచూశాకే గాజుకు ఆర్డరు ఇవ్వాలి.

ఎమ్మెస్ పైపులు సముద్రానికి అంత దగ్గరలో వద్దు. వెల్డింగు చేసిన చోట రంగు ఎంత వేసినా, పైపు లోపలివైపు నుంచే తుప్పు మొదలై, రెండు మూడు వర్షాకాలాలకు కీలు దగ్గర ఎర్రని చార కిందికి జారడం కనిపిస్తుంది. ఉక్కు తప్పనిసరైతే కోత, వెల్డింగు అన్నీ అయిన తర్వాత హాట్ డిప్ గాల్వనైజింగు (కరిగిన జింకులో ముంచి పూత పట్టించడం) చేయించాలి. కిటికీ చట్రాలకు మంచి అల్యూమినియం సెక్షన్లు మేలు. యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) తుప్పు పట్టదు కానీ దానికి బలమిచ్చే లోపలి ఉక్కు పట్టీ ఎంత మందం, గాల్వనైజ్ చేసినదేనా అన్నది బిగించక ముందే కోసి చూపించమనండి. చట్రం కన్నా ముందుగా పాడయ్యేవి స్క్రూలు, బందులు, గొళ్లాలు. ఇనుప స్క్రూ అల్యూమినియంలో దిగిన చోట ఉప్పు తేమ తగిలితే చుట్టూ తెల్లటి పొడి పొంగుతుంది, ఆ తర్వాత స్క్రూ చేత్తో లాగితే వచ్చేస్తుంది. 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలే కావాలని రాతపూర్వకంగా అడగండి. అయస్కాంతం అంటించి చూపించి, అంటలేదు కాబట్టి మంచి సరుకేనని నమ్మబలుకుతారు. చవక రకమైన 202కు కూడా అయస్కాంతం అంటదు. బిల్లు మీద రకం పేరు ఉండాలి. ఇదే వరసలో సందులు పూడ్చే సీలెంటు కూడా: పూసేటప్పుడు వెనిగర్ వాసన వస్తే అది లోహాన్నీ, లామినేటెడ్ గాజు అంచునూ తినే రకం. న్యూట్రల్ సిలికాన్ ట్యూబులే వాడుతున్నారో లేదో ఆ రోజు దగ్గర నిలబడి చూడండి.

ఇవన్నీ అయినా ఒక పని మీ చేతిలోనే ఉంటుంది. గాజు మీద ఉప్పు పొర చేరుతూనే ఉంటుంది. వారానికొకసారి మంచినీళ్లతో కడగకపోతే మీకు సముద్రం కనిపించదు, చట్రమూ బతకదు. మొదటి అంతస్తు కనుక బయటి వైపు గాజును లోపల నిలబడే తుడవగలిగేలా రెక్కల అమరిక ఉండాలని డ్రాయింగు దశలోనే చెప్పండి.

ఫ్యాబ్రికేటర్ ప్రస్తావించని విషయం మరొకటి ఉంది, నిజానికి పైసా ఖర్చు పెట్టక ముందు తేల్చుకోవలసింది అదే. మీ ఇంటి మంజూరైన ప్లాను బయటికి తీసి, పోర్టికో ఇంటి ముందు వదలవలసిన ఖాళీ జాగాలోకి, అంటే ముందు సెట్‌బ్యాక్‌లోకి, వస్తున్నదేమో చూడండి. సెట్‌బ్యాక్‌లో పోర్టికోకు ఇచ్చే వెసులుబాటు దాని మీద కట్టే గదికి వర్తించదు. సెట్‌బ్యాక్ బయట ఉన్నా, కప్పు వేసి మూడు వైపులా మూసిన బాల్కనీ గది కిందికే వస్తుంది, నిర్మాణ విస్తీర్ణంలో చేరుతుంది. మహా విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) టౌన్ ప్లానింగ్ విభాగం అనుమతి కావాలి, ఆస్తి పన్ను కూడా మారుతుంది. లైసెన్సు ఉన్న ఇంజినీరు ద్వారా దరఖాస్తు పెట్టించండి. సాగర్‌నగర్‌లో కొన్ని వీధులు తీరానికి బాగా దగ్గర కనుక, పోటు రేఖ నుంచి 500 మీటర్ల లోపు స్థలాలకు వర్తించే 2019 నాటి కోస్తా నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నోటిఫికేషన్ పరిధిలో మీ ఇల్లు ఉందో లేదో కూడా అతడినే చూడమనండి. గాజు గదే కదా, ఎప్పుడైనా విప్పేయవచ్చు కదా అనే వాదన నోటీసు వచ్చినప్పుడు నిలబడదు.

ఏసీ విషయానికి వస్తే, కప్పు మూసి, తూర్పున బయటి తెర వేస్తే ఆ 140 చదరపు అడుగులకు ఒకటిన్నర టన్నులే సరిపోతుంది, అదీ ఏప్రిల్ నుంచి జూన్ దాకా, ఆపైన వాన కురవని ఉక్కపోత రోజుల్లో. వర్షాకాలంలో దానిని 20, 22 డిగ్రీలకు దించితే బయటి గాలి తేమ అంతా గాజుకు వెలుపల నీటి బిందువులుగా పట్టి, చూడటానికి కట్టుకున్న కిటికీలోంచి ఏమీ కనబడదు. 26 దగ్గర పెట్టి ఫ్యాను వేసుకోండి. హాలుకూ ఈ గదికీ మధ్య తలుపు ఉండనివ్వండి; గోడ మొత్తం కొట్టేసి కలిపేస్తే మీ ఏసీ ఇంటికంతటికీ పని చేయవలసి వస్తుంది, పైగా తుపాను రోజున ఇంటిని కాపాడుకోవడానికి గట్టి తలుపు మిగలదు.

డబ్బు ఎక్కడ తగ్గించుకోవచ్చునని అడుగుతారేమో. నేల టైల్స్, ఫాల్స్ సీలింగు, లైట్ల అలంకారం తరువాతైనా చేసుకోవచ్చు, లేకపోయినా లోటు లేదు. గాజు ఎత్తు కూడా తగ్గించుకోవచ్చు: కింద రెండున్నర అడుగుల పిట్టగోడ అలాగే ఉంచి దాని పైనుంచి గాజు మొదలుపెడితే, కుర్చీలో కూర్చున్నవారికి సముద్రం కనబడుతూనే ఉంటుంది, పిల్లలు వచ్చినప్పుడు భయమూ ఉండదు. బోల్టులు, గాజు రకం, ఇంజినీరు ఫీజు, ఈ మూడింటి దగ్గర మాత్రం బేరం వద్దు. పని డిసెంబరులో మొదలుపెట్టి మార్చి లోపల ముగించేలా ఒప్పందం రాసుకోండి. అక్టోబరు, నవంబరు నెలల్లో సగం బిగించిన చట్రాలతో ఇల్లు తెరుచుకుని ఉండకూడదు.

చివరగా మీ మొక్కలు. తులసి, మల్లె, కరివేపాకు ఈ గదిలో సుఖపడవు. వాటికి నేరుగా ఎండ, బయటి గాలి కావాలి, కనుక కుండీలను మేడ మీదే ఉంచండి. మనీప్లాంటు, స్నేక్ ప్లాంటు, ఫెర్నులు ఉత్తరం కిటికీ దగ్గర బాగా పెరుగుతాయి. గది మూసి ఉంచే రోజుల్లో నీళ్లు తగ్గించండి, ఆకుల కింద తెల్లటి దూది లాంటి పిండినల్లి చేరిందేమో తిప్పి చూస్తూ ఉండండి.